పటకెట్‌లో పుట్టి వూస్టర్ చేరిన టీమ్: పోలార్ పార్క్‌కి నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటి పార్కింగ్ వల్ల కాదు. పార్కింగ్ సంగతి వేరే ఉంది, అదీ చెప్తాను.

మేముండేది మాసచూసెట్స్‌లోని ష్రూస్‌బరీలో. పక్కనే వూస్టర్. స్పెల్లింగ్ చూసి మనవాళ్లంతా మొదట వర్సెస్టర్ అనే అంటారు. నేనూ ఆరు నెలలు అలాగే అన్నాను, ఆఫీసులో ఒక్కరూ సరిదిద్దలేదు. ఆ ఊళ్లో 2021 మేలో పోలార్ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. అక్కడ ఆడేది వూస్టర్ రెడ్ సాక్స్, ముద్దుగా వూసాక్స్. బోస్టన్ రెడ్ సాక్స్‌కి కింద ఉండే జట్లలో అన్నిటికన్నా పైమెట్టు, ట్రిపుల్ ఎ.

ఇలాంటి కింది జట్లు ఆడే మైనర్ లీగ్ అంటే మన రంజీ లాంటిదా అని అందరూ అడుగుతారు. సగం అవును. రంజీలో హైదరాబాద్ జట్టు హైదరాబాద్ కోసం ఆడుతుంది. ఇక్కడ ఎవరు ఆడాలి, ఎవరు పైకి వెళ్లాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నీ బోస్టన్ వాళ్లే తేలుస్తారు, ఆటగాళ్ల జీతాలూ వాళ్లే ఇస్తారు. ఊళ్లో టీమ్ నడిపే ఓనర్‌కి మిగిలేది స్టేడియం, టికెట్లు, హాట్‌డాగ్‌లు. నిన్న మూడు సిక్సర్ల లెవెల్లో ఆడినవాడు ఇవాళ కనపడడు, బోస్టన్ పిలిచేసుంటుంది. అందుకే ఇక్కడ ఆటగాణ్ని కాకుండా టీమ్‌ని ప్రేమించాలి. ఆ టీమ్ కూడా ఊరు మారిపోతే ఏం చేయాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఎందుకంటే ఈ టీమ్‌తో నా పరిచయం వూస్టర్‌లో కాదు, పటకెట్‌లో. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్‌ని ఆనుకుని ఉండే చిన్న ఊరు, డెబ్బై అయిదు వేల జనాభా ఉంటుందేమో. అమెరికాలో నీళ్ల శక్తితో నూలు వడికే మిల్లు నిలదొక్కుకున్నది ఈ ఊళ్లోనే, స్లేటర్ మిల్లు భవనం 1793 నుంచి ఇప్పటికీ ఉంది. నేను 2008లో ప్రావిడెన్స్‌లో ప్రాజెక్టు దొరికి అక్కడ దిగాను. మూడంతస్తుల చెక్క ఇల్లు, పై వాటా మాది, కింద ఓనర్ గారు. మిల్లులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. మా అబ్బాయి ఆయన్ని 'తాతా' అనేవాడు. అది తన పేరుకి ఇండియన్ ముద్దుపేరు అనుకుని ఆయన పలికేవాడు.

మొదటి వేసవిలో ఒక సాయంత్రం ఆయన మెట్లెక్కి వచ్చి, "టీవీ కట్టెయ్, బెన్ దగ్గరికి వెళ్దాం పద" అన్నాడు. బెన్ ఎవరో పక్కింటాయన అనుకున్నాను. బెన్ మోండర్ అని, టీమ్ ఓనర్! క్విబెక్‌లో పుట్టి, మిల్లుల వ్యాపారం చేసి రిటైరైనాయన. 1977లో టీమ్ దివాలా తీసి దిక్కులేకుండా ఉంటే కొన్నాడు. పటకెట్‌లో టీమ్ ఆడే మెకాయ్ స్టేడియంని కడిగించి, టికెట్ ధర పెరగకుండా పట్టుకుని, కుటుంబాలు వచ్చేలా చేశాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లకి షేక్‌హ్యాండ్ ఇస్తున్న పెద్దాయనే బెన్ అని మా ఓనర్ గారు చూపించాడు. 2010లో పోయాడు. మా ఓనర్ గారు ఆ రోజు గరాజ్ తలుపు దించుకుని లోపలే కూర్చున్నాడు.

మెకాయ్ స్టేడియం అందగత్తె కాదు. 1942లో చిత్తడి నేల పూడ్చి కట్టారు, అంత ఖర్చు పెట్టినందుకు మేయర్ మెకాయ్‌ని అప్పట్లో జనం తిట్టిపోశారట. కానీ ఆ కట్టడంలో ఒక తమాషా ఉంది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్ సరిగ్గా ప్రేక్షకుల సీట్ల కింద, నేల మట్టానికి ఉంటుంది. పైన కూర్చున్న పిల్లలకి ఆటగాళ్ల నెత్తి కూడా కనపడదు. ఆటోగ్రాఫ్ ఎలా? పిల్లలు దారి కనిపెట్టారు: గేలం వేయడం. పాల క్యాన్‌కి పక్కన కిటికీలా కోసి, అందులో బంతి, పెన్ను పెట్టి, తాడు కట్టి పైనుంచి డగౌట్ ముందుకి వేలాడదీయడం. కింద ఎవరో సంతకం పెట్టి, తాడు రెండుసార్లు లాగుతారు.

2012లో మా అబ్బాయికి ఆరేళ్లు. పాల క్యాన్ నేను కోశాను, చేతికి గీసుకోకుండా అంచులకి టేప్ వేశాను. తాడు మాత్రం ఇంట్లో లేదు. మా ఆవిడ లంగా బొందులు మూడు తెచ్చి ముడేసింది. తెలుపు, మెరూన్, పసుపు. ఆ రంగురంగుల బొందు పటకెట్ డగౌట్ ముందు ఊగుతుంటే చుట్టుపక్కల పిల్లలు వాళ్ల గేలాలు ఆపి మరీ చూశారు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. వాడి మొహం వాడిపోతోంది. అప్పుడు టక్, టక్. పైకి లాగితే బంతి మీద నీలం సిరాతో ఒక గీత, గీత చివర సున్నా. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. పుట్టినరోజులకి వచ్చిన అమెరికన్ ఫ్రెండ్స్ అందరూ తలో పేరు చెప్పారు, ఏ రెండూ కలవలేదు.

ఆ సంవత్సరమే పాసాక్స్ (పటకెట్ రెడ్ సాక్స్‌కి ముద్దుపేరు) లీగ్ చాంపియన్లు. మళ్లీ 2014లోనూ. ఆ 2014 వేసవిలోనే సన్నగా, స్కూలు పిల్లాడిలా ఉన్న మూకీ బెట్స్‌ని, తర్వాత పెద్ద స్టార్ అయినవాణ్ని, అక్కడ చూశాను. కొన్ని వారాలే ఉన్నాడు, తర్వాత బోస్టన్ ఎత్తుకుపోయింది.

మెకాయ్ గురించి రాస్తూ ఆ రాత్రి గురించి చెప్పకపోతే రోడ్ ఐలండ్ వాళ్లు ఊరుకోరు. 1981 ఏప్రిల్ 18, శనివారం. పటకెట్‌కీ రాచెస్టర్ రెడ్ వింగ్స్‌కీ మ్యాచ్. మామూలుగా ఆట ముగిసే తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 1-1. టై అయితే తేలేదాకా ఆడాలి. అర్ధరాత్రి దాటాక ఆపేయాలనే రూలు ఉంది కానీ, ఆ ఏడాది అంపైర్లకిచ్చిన పుస్తకంలో ఆ వాక్యం రాలేదు. రాయలేదు కాబట్టి ఆపం అన్నారు. ఎక్కడి ప్రభుత్వాఫీసులోనైనా సరిపోయే తర్కం ఇది.

ఆడుతూనే ఉన్నారు. చలికి ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు తగలబెట్టుకుని చేతులు కాచుకున్నారు. 21వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఒక రన్ కొట్టింది, హమ్మయ్య అయిపోతుందనుకుంటే వేడ్ బాగ్స్ కొట్టి మళ్లీ సమం చేశాడు. సొంత జట్టువాళ్లే అతన్ని మెచ్చుకోవాలో తన్నాలో తెలియని పరిస్థితి. అవతలి జట్టులో థర్డ్ బేస్ దగ్గర కాల్ రిప్కెన్. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినవాళ్లే. తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషాలకి, 32 ఇన్నింగ్స్ అయ్యాక, 2-2 దగ్గర ఆపారు. లీగ్ ప్రెసిడెంట్ అప్పటికి గానీ ఫోన్లో దొరకలేదు. తెల్లారితే ఈస్టర్.

మొదట్లో వచ్చినవాళ్లు 1,740 మంది. ఆపేసరికి మిగిలింది 19 మంది. మిగతా ఆట జూన్ 23న పెట్టారు. అప్పుడు మేజర్ లీగ్ (బోస్టన్ లాంటి పెద్ద జట్ల లీగ్) ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు, రాయడానికి వేరే ఆట లేక దేశంలోని స్పోర్ట్స్ విలేఖరులంతా పటకెట్‌కి దిగారు. పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. 33వ ఇన్నింగ్స్‌లో డేవ్ కోజా కొట్టిన దెబ్బకి మార్టీ బారెట్ హోమ్ బేస్ చేరి రన్ తెచ్చాడు, పటకెట్ 3-2. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు మ్యాచ్ ఇంకోటి లేదు. ఆ రాత్రి గెలిపించిన కోజా మాత్రం మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. మైనర్ లీగ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు రంజీ పోలిక మానేసి ఇదే చెప్తున్నాను.

మిగిలింది 19 మందే అని లెక్క. పటకెట్‌లో నాకు తెలిసిన అరవై దాటినవాళ్లలో మాత్రం ఆ రాత్రి చివరిదాకా ఉన్నామని చెప్పినవాళ్లే పాతికమంది తేలారు. మా ఓనర్ గారు ఒక్కడే నిజం చెప్పాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో లేచొచ్చేశానని, తెల్లారి షిఫ్టు ఉందని. నలభై ఏళ్లుగా ఆ షిఫ్టుని తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఇక ఊరు మారిన కథ. త్వరగా చెప్పేస్తాను, చెప్తే బీపీ పెరుగుతుంది. బెన్ పోయాక 2015లో టీమ్ కొత్త ఓనర్ల చేతికి వచ్చింది. ముందు ప్రావిడెన్స్‌కి తీసుకెళ్తామన్నారు, జనం ఒప్పుకోలేదు. తర్వాత పటకెట్‌లోనే కొత్త స్టేడియం, రాష్ట్రం కూడా డబ్బు పెట్టాలి అన్నారు. రోడ్ ఐలండ్ అప్పటికే చేతులు కాల్చుకుని ఉంది. పాత రెడ్ సాక్స్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) కర్ట్ షిల్లింగ్ పెట్టిన వీడియో గేమ్ కంపెనీ 38 స్టూడియోస్‌కి రాష్ట్రం 75 మిలియన్ డాలర్ల అప్పుకి పూచీ పడితే, 2012లో అది దివాలా తీసింది. ఆ తర్వాత 'ఆటకి ప్రజల డబ్బు' అనే మాట వినపడితే చాలు జనం చెప్పులు వెతుక్కున్నారు. అసెంబ్లీలో లాగి లాగి ఒక బిల్లు తెచ్చేసరికి, 2018 ఆగస్టులో టీమ్ వూస్టర్‌కి వెళ్తున్నామని ప్రకటించేసింది. ఎవరిది తప్పు అని నన్నడిగితే, ఇద్దరిదీ. మా ఓనర్ గారిని అడిగితే మాత్రం అరగంట పడుతుంది.

2020లో ఘనంగా వీడ్కోలు సీజన్ అనుకున్నారు. కోవిడ్ వచ్చి సీజనే లేకుండా పోయింది. ఆ వేసవి ఆటకి బదులు మైదానంలో టేబుళ్లు వేసి భోజనాలు పెట్టారు, జనం ఎగబడి బుక్ చేసుకున్నారు. మా ఓనర్ గారు కూతురితో వెళ్లి థర్డ్ బేస్ పక్కన కూర్చుని, చికెన్ ప్లేటు ఫోటో పంపాడు. ఫోటోలో ప్లేటు సగమే ఉంది. మిగతాదంతా గడ్డి.

మేము 2016లోనే ష్రూస్‌బరీకి మారాం, ఇల్లు కొనుక్కుని. అంటే నేను ఊరు మారాను, అయిదేళ్లకి టీమ్ నా వెనకాలే నలభై మైళ్లు వచ్చి మా ఇంటి పక్కన దిగింది. ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది? మా ఓనర్ గారికి ఫోన్ చేసి ఆ మాట అనబోయి ఆగిపోయాను. తగ్గించిన ఆ ఒక్క నక్షత్రం ఆయన తరఫున.

సరే, పోలార్ పార్క్. నిజం చెప్పాలంటే మెకాయ్ కన్నా అన్ని విధాలా మెరుగు. సీట్లు 9,500 పైచిలుకు, ఎక్కడ కూర్చున్నా ఆట దగ్గరగా కనపడుతుంది. గడ్డి వాలు మీద దుప్పటి పరుచుకుని కూర్చునే టికెట్ తీసుకుంటే చంటిపిల్లలున్నవాళ్లకి హాయి. పిల్లలు దొర్లుతారు, మీకు రెండు ఇన్నింగ్స్ అయినా దక్కుతాయి. వేసవి సాయంత్రం కూడా ఏడున్నర దాటాక చల్లగాలి తగులుతుంది, స్వెటర్ పట్టుకెళ్లండి. గోడల మీద, టోపీల మీద ఎక్కడ చూసినా పసుపు స్మైలీలు. ఎందుకంటే స్మైలీ పుట్టింది ఈ ఊళ్లోనే. 1963లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగుల్ని హుషారు చేయడానికి హార్వీ బాల్ అనే ఆర్టిస్టు గీశాడు, మొత్తం పారితోషికం 45 డాలర్లు. ఆ బొమ్మ మీద ఆయన హక్కులేవీ తీసుకోలేదు. తీసుకునుంటే ఇవాళ మన వాట్సాప్ గ్రూపులు ఏమైపోయేవో.

తిండి: మాంసం తినేవాళ్లకి ఇబ్బంది లేదు. మా అత్తగారిలాంటి పక్కా శాకాహారులకి ఫ్రైస్, పాప్‌కార్న్, పిజ్జా, అంతే. ఆవిడ ఫ్రైస్ మీద హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి తీసి చల్లుకుంది. వెనక సీటాయన వాసనకి అడిగి మరీ పెట్టించుకున్నాడు. తాగడానికి స్థానిక కంపెనీ పోలార్ వాళ్ల సోడాలున్నాయి, పార్క్‌కి పేరు వాళ్లదే.

పార్కింగ్: కెల్లీ స్క్వేర్ దగ్గర జాగ్రత్త. అరడజను రోడ్లు కలిసే చోటు, ఒకప్పుడు యాక్సిడెంట్లకి పేరుమోసింది. ఇప్పుడు వేరుశనక్కాయ ఆకారంలో రౌండ్ అబౌట్ కట్టారు, చాలా మెరుగైంది. నేను మొదటిసారి దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. ఆ టెన్షన్‌లో కనపడిన మొదటి ప్రైవేటు లాట్‌లో దూరితే, బోర్డు మీద ఒక రేటు, చేతిలోకి తీసుకున్నది ఇంకో రేటు. 'మ్యాచ్ రోజు సార్' అన్నాడు. పదిహేను నిమిషాలు నడవగలిగితే దూరంగా ఆపుకోండి, లేదా రైల్లో యూనియన్ స్టేషన్‌కి వస్తే నడకే.

ఆట కూడా మారింది. పిచర్‌కి గడియారం పెట్టారు, క్షణాలు లెక్కే. 2022లో మైనర్ లీగుల్లో ఇది వచ్చాక మ్యాచ్ సుమారు పాతిక నిమిషాలు తగ్గింది, పిల్లలు నిద్రపోకముందే ఇల్లు చేరుతున్నాం. ఇంకో సరదా, బ్యాటర్ నెత్తి మీద తట్టుకుంటే అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసినట్టు. పెద్ద తెర మీద బంతి గీతలో ఎగిరొచ్చి, సరైన బంతి పడాల్సిన గడిలో పడుతుందో లేదో చూపిస్తారు. మన డీఆర్‌ఎస్ లాంటిదే, కానీ అంతా పదిహేను సెకన్లలో. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టే ఆ క్షణం కోసమే టికెట్ కొనొచ్చు.

ఆటగాళ్ల ముఖాలు చూడండి. 2023 ఒప్పందంతో ట్రిపుల్ ఎ కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లయింది. 2025లో మేజర్ లీగ్ కనీసం 7,60,000. మధ్యలో ఉన్నది నలభై అయిదు మైళ్ల హైవే. 2025 జూన్‌లో రోమన్ ఆంథనీ అనే కుర్రాడు వూసాక్స్ తరఫున 497 అడుగుల గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు రన్లు) కొట్టాడు, అదీ రాచెస్టర్ మీదే. రెండు రోజుల్లో బోస్టన్ వెళ్లిపోయాడు. పక్కనే లాకర్ ఉన్న ముప్పై ఏళ్లవాడు మర్నాడు మళ్లీ ప్రాక్టీసుకి వచ్చుంటాడు.

మా ఓనర్ గారు వూస్టర్‌లో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పటకెట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా వాతావరణం అడిగి, ఆరోగ్యాలు అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "నిన్న ఎవరు గెలిచారు?" అంటాడు. మెకాయ్‌ని హైస్కూలు కట్టడానికి కూలగొట్టారు. ఆ కూల్చివేత మొదలయ్యాకే, ఏమనుకున్నాడో, ఒక శుక్రవారం వస్తానన్నాడు. మా అబ్బాయి కాలేజీ సెలవులకి వచ్చున్నాడు, వాడే వెళ్లి కార్లో తీసుకొచ్చాడు.

పాత పాసాక్స్ టోపీ పెట్టుకునే వచ్చాడు. గేటు దగ్గర పనిచేసే అమ్మాయి ఆ టోపీ చూసి, "మా నాన్నకీ ఉంది" అంది. ఆయన నవ్వలేదు గానీ టోపీ సర్దుకున్నాడు. సీటు బాగుందన్నాడు. బాత్రూమ్ శుభ్రంగా ఉందన్నాడు, అదేదో నేరం ఒప్పుకున్నట్టు. డగౌట్ వైపు చూసి, "పిల్లలు గేలం ఎక్కణ్నుంచి వేస్తారు?" అన్నాడు. ఇక్కడ అక్కర్లేదు, అంచు దాకా వెళ్లి చెయ్యి చాపితే సంతకం పెడతారని మా అబ్బాయి చెప్పాడు. "మరి ఇంక మజా ఏముంది?"

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 4-4. పదోది మొదలైంది. ఎవరూ ఏమీ కొట్టకుండానే ఒకడు నడుచుకుంటూ వెళ్లి సెకండ్ బేస్ మీద, అంటే రన్‌కి సగం దారిలో, నిలబడ్డాడు. మైనర్ లీగుల్లో 2018 నుంచి అదే రూలు, పదో ఇన్నింగ్స్ నుంచి రన్నర్‌ని ఊరికే ఇస్తారు, ఆట త్వరగా తేలాలని. ఈ సంగతి ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను.

"వాడు అక్కడికెలా వచ్చాడు?"

చెప్పాను.

ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, మోకాళ్లు దులుపుకుని, "ముప్పై మూడు ఇన్నింగ్స్ ఆడినవాళ్లు వింటే ఏమనుకుంటారు" అంటూ మెట్ల వైపు నడిచాడు. ఇంకో పదిహేను నిమిషాలాగితే బాణసంచా కూడా ఉందని మా ఆవిడ అన్నా వినలేదు. చేసేదేముంది, అందరం లేచాం. మళ్లీ ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లోనే లేచొచ్చేస్తున్నారు కదా అని మా అబ్బాయి నా చెవిలో అన్నాడు. గట్టిగా అనొద్దని సైగ చేశాను.

కారు స్టార్ట్ చేసి వేరుశనక్కాయ చుట్టూ తిరుగుతుండగా వెనక స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది. ఆయన కిటికీ అద్దం దించి, చెవి బయటికి పెట్టి, రెండు క్షణాలు విన్నాడు. తర్వాత అద్దం ఎత్తి అన్నాడు:

"రేడియో పెట్టు."